బటన్లున్నాయని ఘాట్ ఎక్కకండి

తొలకరి పడగానే మారేడుమిల్లి, అరకు, శ్రీశైలం దారుల్లో బైకులు బారులు తీరతాయి. బయలుదేరేముందు ఇంజిన్ ఆయిల్ మారుస్తారు, చైన్ బిగిస్తారు, బ్యాగులు కడతారు. టైర్ల దగ్గరికొచ్చేసరికి మాత్రం ఒకటే మాట: "ఇంకా బటన్లున్నాయిలే." ఆ ఒక్క మాట నమ్ముకుని తడి ఘాట్‌లో బండి వాల్చడమంటే ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

చాలా టూరింగ్ టైర్లలో, ముఖ్యంగా వెనకవాటిలో, నడిమికి గట్టి రబ్బరు, అంచులకు మెత్తటి రబ్బరు వేస్తారు. తిన్నగా పోయేటప్పుడు మన్నిక, మలుపులో పట్టు రావాలని. కానీ మన ప్రయాణాల్లో ముప్పాతిక భాగం హైవే మీదే గడుస్తుంది. హైదరాబాద్ నుంచి రాజమండ్రి దాకా బండి వాలేదెంత? నడిమి భాగమే అరిగి చదునవుతుంది, రెండు పక్కలా గట్టులా అంచు మిగులుతుంది. ఆ టైరుతో ఘాట్ ఎక్కితే మొదటి మలుపులో బండి కాసేపు మొరాయిస్తుంది, గట్టు దాటగానే ఒక్కసారిగా ఒరిగిపోతుంది. పొడి రోడ్డు మీదైతే సర్దుకోవచ్చు. కొత్త వానకు దుమ్ము, ఆయిల్ కలిసి జిగటగా తేలిన రోడ్డు మీద జారిపోవడానికి ఆ కుదుపు చాలు.

నన్ను ఇంతకంటే భయపెట్టేది కంటికి కనపడనిది. రబ్బరు వయసుతోపాటు గట్టిపడుతుంది. ఎండ, వేడి, గాలిలోని ఆక్సిజన్, ఓజోన్ దాన్ని చెడగొడతాయి. ఏడాదికి రెండు టూర్లే తిరిగిన బండిలో బటన్లు నిండుగా ఉంటాయి, పట్టు మాత్రం సగం పోయి ఉండొచ్చు. టైరు పక్కన అచ్చువేసిన నాలుగంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని. ఐదేళ్లు దాటిన టైరును ఏటా నిపుణులకు చూపించాలనీ, పదేళ్లకు ఎలా ఉన్నా తీసేయాలనీ మిషెలిన్ కంపెనీ చెబుతోంది. రామగుండం ఎండలో ఆరుబయట నిలబడే బండికి అంత గడువివ్వడం నా దృష్టిలో తెగింపే. గాడుల అడుగున సన్నటి పగుళ్లు కనిపిస్తే వయసుతో పని లేదు, మార్చేయండి.

ఏబీఎస్ ఉందిగా అనే ధీమా వద్దు. అది చక్రం బిగుసుకుపోకుండా ఆపుతుందే తప్ప రబ్బరుకు లేని పట్టును తెచ్చిపెట్టదు. గట్టిగా బ్రేకు వేసినప్పుడు భారంలో ఎక్కువ భాగం ముందు చక్రం మీదే పడుతుంది. అయినా వెనక టైరు మార్చిన ప్రతిసారీ ముందుదాన్ని "బాగానే ఉంది" అని వదిలేస్తున్నాం.

గుండైన టైరుకు మళ్లీ గాడులు కోసి ఇచ్చేవాళ్లు ఇంకా ఉన్నారు. దయచేసి ఆ పని చేయించకండి. మిగిలిన ఆ పలచటి రబ్బరును కూడా కోస్తే లోపలి పోగులు బయటపడతాయి.

టూర్లు నడిపే క్లబ్బులకు నా విన్నపం. బయలుదేరే రోజు పొద్దున కాదు, వారం ముందే ప్రతి బండికీ రెండు టైర్ల తేదీలు, గాడుల అడుగున ఉండే టీడబ్ల్యూఐ (అరుగుదల సూచిక) గట్లు చూడండి. ఆ గట్లతో సమంగా అరిగిన టైరున్న బండిని, ఎవరిదైనా సరే, రానివ్వకండి. కొత్త టైరు వేయించినవాళ్లు మొదటి 150 కిలోమీటర్లు ఊరి చుట్టుపక్కలే నెమ్మదిగా నడపాలి. పైపొర నునుపు పోయి పట్టు రావడానికి ఆ మాత్రం దూరం కావాలి. వారం ముందే చూడమనడం అందుకే.