కుక్కపిల్లను అమ్మినవారి జాడ ఏదీ?

కుక్కకాటు టీకాకు మా ఓపీకి వచ్చే అందరినీ వీధికుక్కలే కరవవు. కొందరిని కరిచింది కొత్తగా కొనుక్కొచ్చిన కుక్కపిల్ల. 'పిల్లే కదా సార్, ఆడుకుంటూ పళ్లు దించింది' అంటారు. టీకాలు వేయించారా అంటే 'అమ్మినాయన వేయించానన్నాడు' అంటారు. టీకాల పుస్తకం ఉండదు, బిల్లు ఉండదు.

కుక్కపిల్లలకు రేబిస్ టీకా సాధారణంగా మూడు నెలల వయసులో వేస్తారు. అంతకంటే చిన్నపిల్లకు తల్లి నుంచి రక్షణ అందిందా, అది వీధికుక్కల మధ్య పెరిగిందా అన్నది అమ్మినవారికే తెలుస్తుంది. అందుకే వారి చిరునామా మాకూ అవసరం.

కేంద్రం 2017లోనే దీనికి నిబంధనలు తెచ్చింది. కుక్కలను పెంచి పిల్లలను అమ్మేవారు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు కావాలి. 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. టీకాలు, మైక్రోచిప్ వేయించాలి, రికార్డులు ఉంచాలి. 18 నెలలు నిండని ఆడకుక్కను జత కట్టించకూడదు.

రాతలో లోటేమీ లేదు. చిక్కంతా అమలులోనే. తనిఖీ చేయాలంటే నమోదైనవారి జాబితా కావాలి. నమోదే కాకుండా ఇబ్రహీంపట్నం శివారులో ఏ రేకుల షెడ్డులోనో రెండు ఆడకుక్కలను పెట్టుకుని, వాట్సాప్‌లో ఫొటోలు పంపి అమ్మేవారి దగ్గరికి ఎవరు వెళ్తారు? పశువైద్యుడికి గేదెలు, గొర్రెలతోనే సరిపోతుంది. పట్టుబడినా, 1960 నాటి చట్టం ప్రకారం నిబంధనలు మీరితే జరిమానా 100 రూపాయలకు మించదు. మూడు నెలల వరకు జైలు వేయొచ్చనీ ఉంది. ఒక్కో పిల్ల వేలల్లో పలికే వ్యాపారంలో వంద రూపాయలకు భయపడేదెవరు?

చట్టం మారేదాకా ఆగక్కర్లేదు. నమోదైనవారి జాబితాను ప్రతి మండల పశువైద్యశాల గోడకు అంటించాలి. మా కుక్కకాటు రిజిస్టరులో 'ఎక్కడ కొన్నారు' అని ఇంకో గడి పెట్టి, ఆ వివరాలు నెలనెలా పశుసంవర్ధక శాఖకు పంపాలి. తనిఖీకి వెళ్లేవారికి చిరునామా దొరుకుతుంది. మాకయ్యే ఖర్చు ఓ పెన్ను గీత!

కొనేవారూ నమోదు పత్రం చూపించమని అడగాలి. తల్లికుక్కను, దాని టీకాల పుస్తకాన్ని చూడకుండా డబ్బు ఇవ్వొద్దు. పిల్ల కరిస్తే, గీరినా సరే, పసుపో కారమో అద్దకుండా సబ్బుతో, ధారగా పడే నీటి కింద 15 నిమిషాలు కడిగి వెంటనే ప్రభుత్వాసుపత్రికి రండి. టీకా ఉచితం. వచ్చిన రోజు, ఆపై 3, 7, 28వ రోజుల్లో వేయించుకోవాలి. రక్తం వచ్చి ఉంటే గాయంలో ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా పడాలి.