తిట్టి వదిలేయొద్దు, జాలిపడి వదిలేయొద్దు

భర్త కొడతానని బెదిరించాడు. ఆ రాత్రి పొద్దుపోయాక ఒక పల్లెటూరి ఇల్లాలు ఆరు నెలల బిడ్డను చంకనేసుకుని ఇల్లు దాటింది. కొంత దూరం నడిచాక వెనక అడుగుల చప్పుడు. తిరిగి చూస్తే భర్తే. ఆ కంగారులో దగ్గరున్న బావిలోకి బిడ్డతో సహా దూకేసింది. బిడ్డ చనిపోయింది, తల్లి బతికింది.

కింది కోర్టు దాన్ని హత్య అంది. 1940లో అలహాబాద్ హైకోర్టు ఒప్పుకోలేదు. బిడ్డను చంపాలన్న ఉద్దేశం ఆమెకు లేదని, భయంతో చేసిన పని ఆత్మహత్యాయత్నం కిందికి కూడా రాదని తేల్చింది. పసిబిడ్డతో బావిలో దూకితే ఏమవుతుందో తెలియకపోదు కాబట్టి హత్య కాని నేరపూరిత నరహత్యగా లెక్కగట్టింది. పదమూడేళ్ల తర్వాత, 1953లో, మధ్యభారత్ హైకోర్టు ముందుకు ఇంకో బావి కథ వచ్చింది. ఆడబిడ్డతో గొడవపడి ఒకామె ముగ్గురు పిల్లలతో దూకింది. పిల్లలు పోయారు, ఆమె మిగిలింది. ఈ కోర్టు హత్యేనంది. అని, శిక్ష తగ్గించమని ప్రభుత్వానికి తనే సిఫారసు చేసింది. ఈ రెండు తీర్పుల్నీ లా విద్యార్థులు ఇప్పటికీ పక్కపక్కన పెట్టుకుని చదువుతారు.

దూకిన క్షణంలో తల్లి మనసులో ఏముంది అన్నది న్యాయమూర్తులు తేల్చాల్సిన సంగతి. ఊరు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. ఆ రాత్రి ఆమె పరుగెత్తుకెళ్లి తట్టగల తలుపు ఒక్కటైనా ఎందుకు లేదు? ఈ కరపత్రం ఆ తలుపు కోసం.

ఇలాంటి వార్త వచ్చిన పూట టీకొట్టు దగ్గరా బస్సులోనూ వినిపించే మాటలు అందరికీ తెలిసినవే. ‘కన్నబిడ్డను చంపడానికి దానికి చేతులెలా వచ్చాయి?’ ‘దాన్నీ అలాగే చంపాలి.’ పేపర్లో శీర్షిక: కసాయి తల్లి. అదే పని అప్పుల్లో మునిగిన తండ్రి చేసి తనూ పోతే, ‘అయ్యో, ఎంత కష్టమొచ్చిందో పాపం’. శీర్షిక: కుటుంబం ఆత్మహత్య. కులం కానివాణ్ని కోరుకున్న కూతుర్ని తండ్రే చంపితే కొందరు గొంతు తగ్గించి, ‘ఆయన పరువేం కావాలి మరి’ అంటారు. పోయింది మూడు చోట్లా బిడ్డ ప్రాణమే. తిట్టాలో, జాలిపడాలో, సమర్థించాలో మాత్రం చంపినవాళ్లను బట్టి నిర్ణయమవుతోంది. మాట అనేశాక మనసు తేలికపడుతుంది, మర్నాటికి ఇంకో వార్త వస్తుంది.

వీటిలో జాలి మాట ఎక్కువ ప్రమాదం. తిట్టు కనీసం బిడ్డను చంపారని ఒప్పుకుంటుంది, జాలి ఆ ముక్కే మింగేస్తుంది. నాలుగేళ్ల పిల్ల ఆత్మహత్య చేసుకోదు. నాన్న కూల్‌డ్రింక్ గ్లాసు చేతికిస్తే, ఇవాళ అడగకుండానే ఇచ్చాడని సంబరంగా తాగుతుంది. అది ఆ పిల్ల తీసుకున్న నిర్ణయం ఎలా అవుతుంది? అయినా జాతీయ నేర రికార్డుల బ్యూరో ఏటా వేసే ప్రమాద మరణాలు, ఆత్మహత్యల నివేదికలోనే ‘సామూహిక, కుటుంబ ఆత్మహత్యలు’ అన్న లెక్క ఉంటుంది. లెక్క రాసేవాళ్లే ఆ మాట వాడుతుంటే పత్రికలవాళ్లను మాత్రం ఏమనగలం? 2025 మార్చిలో కాకినాడలో ఒక తండ్రి, ఇంకా అక్షరాలు దిద్దుకునే వయసులో ఉన్న ఇద్దరు కొడుకుల్ని, పోటీలో వెనకబడిపోతారన్న భయంతో చంపి తనూ ఉరేసుకున్నాడు. చదువుల ఒత్తిడి మీద చర్చలు జరిగాయి, జరగాల్సిందే. కానీ ఆరేడేళ్ల పిల్లల భవిష్యత్తు అప్పుడే ముగిసిపోయిందని ఒక మనిషికి అనిపించిందంటే అది ఆ పిల్లల చదువులోని లోపం కాదు. ఆ మనిషికి వైద్యం కావాలి.

తిట్టు చేసే అన్యాయం మదనపల్లెలో కనిపించింది. 2021 జనవరిలో ఎదిగిన ఇద్దరు కూతుళ్లను చదువుకున్న తల్లిదండ్రులే చంపారన్న కేసు రెండు రాష్ట్రాల్నీ కుదిపేసింది. తనే శివుణ్నని, కరోనా తన ఒంట్లోంచే వచ్చిందని ఆ తల్లి పోలీసుల మధ్య నిలబడి మాట్లాడిన వీడియోలు రోజుల తరబడి టీవీల్లోనూ ఫోన్లలోనూ తిరిగాయి. జనం నవ్వుకున్నారు, అనుకరించారు. చివరికి ఆ తల్లిదండ్రులిద్దరినీ తీసుకెళ్లింది విశాఖ మానసిక వైద్యశాలకు. మానసిక వైద్యశాలలో చికిత్స పొందుతున్నవారి ఫొటోలు, వివరాలు వారి అనుమతి లేకుండా మీడియాకు ఇవ్వకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. ఆసుపత్రి గేటు దాటాక దక్కే ఆ మర్యాద, గేటు ఇవతల ఉన్నప్పుడు కూడా దక్కాలి.

తిట్టడం, జాలిపడడం కాక మూడో పని చేసినవాళ్లు ఈ దేశంలో ఉన్నారు. పుణెలో కాశీబాయి అనే బ్రాహ్మణ వితంతువు ఒక ఇంట్లో వంట చేసుకుని బతికేది. మోసపోయి గర్భవతి అయింది, లోకానికి భయపడి పుట్టిన బిడ్డను చంపింది. ఆమెకు అండమాన్ శిక్ష పడింది. ఊరంతా ఆమె శీలం గురించి మాట్లాడుకుంటుంటే జోతిరావు ఫూలే, సావిత్రీబాయి ఆమె వెళ్లగలిగిన చోటు ఏదైనా ఉందా అని చూశారు. ఎక్కడా లేదు. 1863లో తామే బాలహత్యా ప్రతిబంధక గృహం తెరిచారు. వితంతువులు ఇక్కడికొచ్చి గుట్టుగా పురుడు పోసుకోవచ్చు, బిడ్డను తీసుకెళ్లడమా వదిలి వెళ్లడమా అన్నది వాళ్ల ఇష్టం అని గోడల మీద ప్రకటనలు అంటించారు. ఊళ్లో ఆ కాగితాలు ఎంత రభస రేపి ఉంటాయో ఊహించుకోవచ్చు. అయినా ఆడవాళ్లు వచ్చారు. అక్కడ పుట్టిన బిడ్డల్లో ఒకణ్ని 1874లో ఆ దంపతులే దత్తత తీసుకున్నారు. యశ్వంత్ అని పేరు పెట్టి పెంచితే డాక్టరయ్యాడు.

1881లో సూరత్‌లో ఇంకో యువ వితంతువుకు ఇలాంటి నేరానికే ఉరిశిక్ష పడింది, అప్పీలు మీద తగ్గింది. పత్రికలు ఆడవాళ్ల నడవడిక మీద విరుచుకుపడ్డాయి. బుల్ఢాణాలో ఉండే తారాబాయి శిందేకు ఆ రాతలు చదివి ఒళ్లు మండింది. మరుసటి ఏడు ‘స్త్రీ పురుష తులన’ అచ్చువేసి, తప్పంతా ఒక్క ఆడదాని నెత్తిన రుద్దేసి తప్పుకున్న మగవాళ్లను పేరుపేరునా నిలదీసినంత పని చేసింది. అదే 1881 డిసెంబరులో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించారు. పుణెలో ఒకలా, రాజమండ్రిలో ఒకలా తెరుచుకున్నది అలాంటి తలుపే.

ఈ కాలానికి కావాల్సిన తలుపు ఎలా ఉండాలో అమెరికాలోని హ్యూస్టన్ చెబుతుంది. 2001 జూన్ 20న ఆండ్రియా యేట్స్ తన ఐదుగురు పిల్లల్ని స్నానాల తొట్టిలో ముంచి చంపి, పోలీసులకు తనే ఫోన్ చేసింది. రెండేళ్ల ముందే ఆమె ఆత్మహత్యకు ప్రయత్నించి ఆసుపత్రి పాలయింది. ఇంకో బిడ్డను కంటే జబ్బు తిరగబెడుతుందని డాక్టరు హెచ్చరించాక ఐదో బిడ్డ పుట్టింది. జబ్బు తిరగబెట్టింది. ఆమెను ఒంటరిగా వదలొద్దని చెప్పినా, భర్త ఆఫీసుకు వెళ్లడానికీ అత్తగారు రావడానికీ మధ్య ఒక గంట ఖాళీ దొరికింది. పిల్లల్ని సైతాను నుంచి కాపాడుతున్నానని ఆమె నమ్మింది. 2002లో జీవిత ఖైదు పడింది. ప్రాసిక్యూషన్ నిపుణుడు అసలు ప్రసారమే కాని ఒక టీవీ ఎపిసోడ్ గురించి సాక్ష్యం చెప్పాడని బయటపడడంతో 2005లో ఆ తీర్పు కొట్టేశారు. 2006లో రెండో జ్యూరీ మతిస్థిమితం లేని కారణంగా నిర్దోషి అంది. ఆమెను మానసిక వైద్యశాలకు పంపారు. రాక్షసి అన్నవాళ్లూ, రోగి అన్నవాళ్లూ ఐదేళ్లు వాదించుకున్నారు. ఈలోగా 2003లో టెక్సాస్ ఒక చట్టం చేసింది: కాన్పు తర్వాత వచ్చే మానసిక జబ్బులకు సాయం ఎక్కడ దొరుకుతుందో ఆ వివరాలు గర్భిణికి వైద్యులే చేతికివ్వాలి.

కాన్పు తర్వాత మతి చెదరడం మన పల్లెలకు కొత్త కాదు. బాలింతకు గాలి సోకిందంటారు, తాయెత్తు కడతారు, నాలుగు రోజులు పుట్టింట్లో ఉంటే అదే సర్దుకుంటుందంటారు. డాక్టర్లు సైకోసిస్ అనే ఈ తీవ్రమైన జబ్బు వెయ్యి కాన్పుల్లో ఒకరికో ఇద్దరికో వస్తుంది, ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే. రాత్రంతా నిద్ర ఉండదు, అయినా అలసట కనిపించదు. మాట మీద మాట, లేనిపోని అనుమానాలు. ఈ బిడ్డ నా బిడ్డ కాదని, బిడ్డలో ఏదో ఉందని అంటుంది. వీళ్లలో చాలామంది ఎవరికీ హాని చేయరు. మందులు పడితే తేరుకుని బిడ్డకు పాలిచ్చుకుంటారు. కానీ ఇది ఆగి చూడాల్సిన జబ్బు కాదు, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన జబ్బు. తల్లీబిడ్డల్ని విడదీయకుండా ఒకే గదిలో ఉంచి వైద్యం చేసే విభాగాన్ని బెంగళూరులోని నిమ్‌హాన్స్ 2009లో మొదలుపెట్టింది. పక్క రాష్ట్రంలో ఉన్న ఏర్పాటు ఇక్కడ ప్రతి పెద్ద ప్రభుత్వాసుపత్రిలో ఎందుకు ఉండకూడదు?

అంతకంటే ముందు ఖర్చు లేని పని ఒకటుంది. ఆసుపత్రిలో పురుడు పోసుకున్న బాలింత ఇంటికి ఆశా కార్యకర్త ఆరుసార్లు వెళ్లాలి: 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో. బిడ్డను తూస్తుంది, ఒళ్లు వెచ్చగా ఉందో లేదో చూస్తుంది, బొడ్డు చూస్తుంది. ఈ ఆరుసార్లూ తల్లిని కాస్త పక్కకు పిలిచి రెండు మాటలు అడగాలి. ‘రాత్రి బిడ్డ పడుకున్నాక నీకు నిద్ర పట్టిందామ్మా? బిడ్డ గురించి భయపెట్టే ఆలోచనలేమైనా వస్తున్నాయా?’ జవాబు తేడాగా ఉంటే ఎవరికి ఫోన్ చేయాలో ఆశాకు తెలిసి ఉండాలి, ఆ ఫోన్ ఎత్తేవాళ్లు ఉండాలి. అత్తగారు గుమ్మంలో నిలబడి ఉండగా అడిగితే జవాబు రాదు, శిక్షణలో ఆ సంగతీ చెప్పాలి.

ఇంకో మూడు కోరికలు.

కాన్పులో తల్లి చనిపోతే జిల్లా కలెక్టరు స్థాయిలో సమీక్ష జరిపే పద్ధతి 2010 నుంచి ఉంది. వాహనం ఎక్కడ ఆలస్యమైంది, రక్తం ఎందుకు దొరకలేదు అని గంటగంటకీ లెక్క తీస్తారు. తల్లిదండ్రుల చేతిలో బిడ్డ చనిపోయిన ప్రతిసారీ అలాంటి సమీక్షే జరగాలి. అప్పు ఎవరికి కట్టాలి, ఆ ఇంటి గొడవ ఎవరెవరికి తెలుసు, ఎవరైనా పోలీస్ స్టేషన్‌కు వెళ్తే సర్దుకుపొమ్మని పంపేశారా, డాక్టరు రాసిన మందు ఎప్పుడు ఆపేశారు? పోలీసు దర్యాప్తు నేరం ఎవరిదో తేలుస్తుంది, ఈ సమీక్ష అడ్డుపడే అవకాశం ఎక్కడ చేజారిందో తేలుస్తుంది.

పరువు పేరుతో బెదిరింపులున్న జంటల కోసం ప్రతి జిల్లాలో ప్రత్యేక విభాగం, 24 గంటల ఫోన్ ఏర్పాటు చేయాలని, రక్షణ గృహాలు ఆలోచించాలని సుప్రీంకోర్టు 2018 మార్చిలోనే ప్రభుత్వాలకు చెప్పింది. ఆ విభాగం తమ జిల్లాలో ఎక్కడుందో, ఏ నంబరుకు చేయాలో ఇంటర్ చదివే పిల్లకు కూడా తెలిసేలా కాలేజీ నోటీసు బోర్డులో పెట్టాలి.

పత్రికలు, టీవీలు రెండు మాటలు మానాలి. ‘కసాయి’ ఒకటి, ‘కుటుంబ ఆత్మహత్య’ రెండోది. ‘పిల్లల్ని చంపి తండ్రి ఆత్మహత్య’ అని ఉన్నది ఉన్నట్టు రాస్తే చాలు. ఆ వార్త కిందే మానసిక సాయం కోసం ఫోన్ చేసే టెలీమానస్ నంబరు 14416 వేయాలి. 2022 అక్టోబరు నుంచి నడుస్తున్న ఈ ఉచిత సేవలో తెలుగులోనే మాట్లాడవచ్చు. టీకాల రోజు బాలింతలు బిడ్డల్నెత్తుకుని వరసలో కూర్చునే గోడ మీద, వాళ్ల కళ్లకు ఎదురుగా, ఆ ఐదంకెలూ పెద్దగా రాసి ఉండాలి. పక్కన ఒక్క వాక్యం చాలు: ‘నిద్ర పట్టకపోయినా, బిడ్డను చూస్తే భయమేసినా ఫోన్ చేయండి, ఎవరూ తిట్టరు.’