డిమాండ్ల పత్రంలో కులం ఎక్కడ?

కార్మిక సభలో వేదిక మీద మాట్లాడే నాయకుడు అందరికీ కనిపిస్తాడు. ఆయన ప్రసంగాన్ని రాసిన కలం కనిపించదు. ఏ వాక్యం ఉండాలో, ఏది పోవాలో తేల్చిన గది అసలే కనిపించదు. ఉద్యమ రాజకీయం చాలావరకు ఆ గదిలోనే నడుస్తుంది. మన దేశంలో అక్కడ ముందుగా కొట్టివేతకు గురయ్యే మాట కులం. దాన్ని ఎత్తితే కార్మిక ఐక్యత దెబ్బతింటుందన్నది అందుకు చెప్పే కారణం. అమెరికా కార్మికోద్యమంలో నల్లజాతి శ్రామికులకు చెప్పిన కారణం కూడా ఇదే. అక్కడ ఏం జరిగిందో తెలుసుకుంటే ఇక్కడి వాదన బలమెంతో తేలుతుంది.

పుల్‌మన్ కంపెనీ రైలు బోగీల్లో పడకలు పరిచి, బూట్లు తుడిచే పోర్టర్లలో అత్యధికులు నల్లజాతివారు. ప్రయాణికులు వారిని అసలు పేర్లతో కాక, కంపెనీ వ్యవస్థాపకుడు జార్జి పుల్‌మన్ పేరు మీదుగా 'జార్జి' అని పిలిచేవారు. బానిసకు యజమాని పేరే పేరైన రోజుల అవశేషం అది. 1925లో ఆ పోర్టర్లు యూనియన్ పెట్టుకుని, ఎ. ఫిలిప్ రాండాల్ఫ్‌ను నాయకుడిగా ఎంచుకున్నారు. ఆయన పోర్టరు కాదు. 'మెసెంజర్' పత్రిక సంపాదకుడు, గొప్ప వక్త. కంపెనీ ఉద్యోగి కాడు గనుక కంపెనీ ఆయనను తొలగించలేదు. అదే ఆయన బలం. పన్నెండేళ్ల పోరాటం తర్వాత, 1937లో కంపెనీ ఒప్పందంపై సంతకం చేసింది. జీతం, పనిగంటలతో పాటు మనిషిగా గౌరవం కూడా ఆ పోరాటంలో భాగం. నల్లవారి అవమానాన్ని పక్కన పెట్టి ఉంటే ఆ యూనియన్ పుట్టేదే కాదు.

జాతీయ కార్మిక సమాఖ్యలో మాత్రం రాండాల్ఫ్ మాట ఏటేటా అరణ్యరోదనే అయింది. అనుబంధ సంఘాలు కొన్ని నల్లవారిని చేర్చుకునేవి కావు. మరికొన్ని వేరు శాఖల్లో కూర్చోబెట్టేవి. ఈ వివక్షను 1959 మహాసభలో ఆయన మళ్లీ ప్రశ్నించినప్పుడు, అమెరికా నల్లవారందరికీ నిన్ను సంరక్షకుడిగా ఎవరు నియమించారంటూ సమాఖ్య అధ్యక్షుడు జార్జి మీనీ ఆగ్రహించాడు. కార్మికులందరి తరఫున మాట్లాడే హక్కు తనకు సహజమనీ, నల్లవారి తరఫున మాట్లాడాలంటే మాత్రం నియామక పత్రం చూపాలనీ ఆ ప్రశ్నకు అర్థం. మన సంఘాల్లో దళిత కార్యకర్తలకు ఈ ప్రశ్న కొత్తది కాదు.

1963 ఆగస్టు 28 నాటి వాషింగ్టన్ ప్రదర్శన ఉద్యోగాల కోసం, స్వేచ్ఛ కోసం జరిగింది. దానికి సారథి రాండాల్ఫే. కార్మిక సమాఖ్య కార్యవర్గం మద్దతు తీర్మానం చేయలేదు. వాల్టర్ రూథర్ నాయకత్వంలోని మోటారు కార్మికుల సంఘం అండగా నిలిచింది. ఆ రోజు యువ నాయకుడు జాన్ లూయిస్ ప్రసంగ పాఠంలో ప్రభుత్వాన్ని దుయ్యబట్టిన వాక్యాలను చివరి క్షణంలో మెత్తబరిచారు. మార్చమని బతిమాలిన పెద్దల్లో రాండాల్ఫ్ కూడా ఉన్నాడు. పీడితుల చేతికి వచ్చినంత మాత్రాన కలం దానంతటదే న్యాయం చేయదని దీనివల్ల తెలుస్తుంది. ప్రదర్శన డిమాండ్లలో గంటకు రెండు డాలర్ల కనీస వేతనం ఉంది. లోకానికి ఇవాళ గుర్తున్నది మార్టిన్ లూథర్ కింగ్ చెప్పిన కల మాత్రమే. అక్కడ గౌరవం మిగిలి కూలి మరుగున పడింది. మన దగ్గర కూలి మిగిలి గౌరవం మరుగున పడుతోంది.

ఈ రెంటినీ విడదీయరాదని మన దేశంలో గట్టిగా చెప్పినవారు అంబేడ్కర్. బొంబాయి బట్టల మిల్లుల్లో కూలి ఎక్కువ దొరికే నేత విభాగంలోకి అస్పృశ్యులను రానిచ్చేవారు కాదు. తెగిన దారాన్ని నోటితో తడిపి అతకాలి గనుక అంటు అడ్డొచ్చింది. అడ్డుపడినవారు యజమానులు కాదు, తోటి కార్మికులు. 1928 సమ్మె కాలంలో ఆయన ఈ ప్రశ్నను నాయకత్వం ముందు పెట్టారు. 1938లో మన్మాడ్‌లో దళిత రైల్వే కార్మికుల సభలో బ్రాహ్మణవాదాన్నీ, పెట్టుబడిదారీ విధానాన్నీ రెండు శత్రువులుగా ప్రకటించారు. ఐక్యతను చీల్చింది ఆ ప్రశ్న కాదు, అంతకు ముందే ఉన్న అంటు.

కోనసీమకు ఈ వారసత్వం దగ్గరిదే. కందికుప్పలో 1939లో పుట్టిన బొజ్జా తారకం న్యాయవాది, కవి. నిజామాబాద్‌లో అంబేడ్కర్ యువజన సంఘం కట్టి వ్యవసాయ కూలీల పక్షాన నిలిచారు. 1985లో కారంచేడు హత్యాకాండ తర్వాత హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది పదవిని వదులుకున్నారు. రాండాల్ఫ్ పోర్టరు కానట్టే తారకం కూడా కూలి కాదు. అయినా ఇద్దరూ ఎవరికి జవాబుదారీలో స్పష్టంగా తెలిసినవారు. తారకం 'పోలీసులు అరెస్టు చేస్తే' అన్న పుస్తకం రాసింది సామాన్యుడు తన వాదన తాను వినిపించుకోవడానికి. పక్షాన మాట్లాడటం ఎంత గొప్పదో, మాట్లాడే శక్తిని అప్పగించడం అంతకన్నా గొప్పది.

ఇప్పుడు నగరం గ్రామం నుంచి చూద్దాం. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. గిట్టుబాటు ధర, మురుగు కాల్వల దుస్థితి నిజమైన సమస్యలే. ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసింది. అయితే ఆ చర్చలో కూలీ ప్రధానంగా ఒక ఖర్చుగా, ఉపాధి హామీ వల్ల దొరకని మనిషిగా కనిపించాడు. నాట్లు లేని ఆ ఖరీఫ్‌లో పని పోయిన కూలీల డిమాండ్ల పత్రానికి అంత చోటు దక్కలేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరంలో గెయిల్ గ్యాస్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా మరణించారు. గ్యాస్ లీకవుతోందని ముందే చెప్పామన్నారు స్థానికులు. వారి మాటకు విలువ వచ్చింది శవాలు లేచాకనే. ఆ తర్వాత కూడా చర్చ ఎక్కువగా పరిహారం చుట్టూనే తిరిగింది. 2022 మే 24న జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టడంపై అమలాపురం మండింది. పేరు చిన్న విషయమనేవారు పుల్‌మన్ పోర్టర్లను గుర్తుచేసుకోవాలి.

రిజర్వుడు నియోజకవర్గాలు ఉన్న గడ్డ ఇది. సీటు దక్కినంత మాత్రాన మాట దక్కదు. కొబ్బరి దింపు కార్మికులు, కొబ్బరి పీచు పనివారు, వ్యవసాయ కూలీలు, కాంట్రాక్టు కార్మికులు వీరి పేరిట వెలువడే ప్రతి వినతిపత్రాన్నీ విద్యార్థులు మూడు ప్రశ్నలు అడగాలి. దీన్ని ఎవరు రాశారు? ఎవరి ముందు చదివి ఒప్పించారు? ఏ మాటను కొట్టివేశారు? ముసాయిదాను పేటలో చదివి వినిపించి, వారు చేర్చమన్నది చేర్చాకనే కలెక్టరేట్‌కు తీసుకువెళ్లాలి. అలా చదివినప్పుడు, కూలి రేటు పక్కనే కులం పేరు కూడా రాయమని పేట చెబితే, ఆ వాక్యాన్ని ఐక్యత పేరుతో కొట్టివేసే హక్కు ఏ నాయకుడికీ లేదు.