ఎత్తు బండి ధీమా
ఎత్తు బండి కదా, దాటేస్తుందిలే అనుకుంటే ఏమవుతుందో పాత ఫరీదాబాద్ రైల్వే అండర్‌పాస్ 2024 సెప్టెంబరులో చూపించింది. వాననీళ్లు నిండిన ఆ పల్లంలోకి దిగిన పెద్ద ఎస్‌యూవీ మునిగిపోయి, ఇద్దరు బ్యాంకు ఉద్యోగులు చనిపోయారు. అండర్‌పాస్‌లో అన్ని నీళ్లు నిలవడం ఎవరి పాపమన్నది వేరే లెక్క. కానీ షోరూముల్లో మనకు అంటగట్టేది ఆ ధీమానే. నలుగురున్న ఇంటికి కావలసింది ఎత్తు కాదు, సెలవులకు ఊరెళ్లేటప్పుడు సూట్‌కేసులూ, తిరిగొచ్చేటప్పుడు ఆవకాయ జాడీలూ పట్టే డిక్కీ. హోండా సిటీ సెడాన్ డిక్కీ 506 లీటర్లు, నెక్సాన్ ఎస్‌యూవీది 382. భద్రత అంటారా, భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో డిజైర్ సెడాన్‌కూ ఐదు నక్షత్రాలొచ్చాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు ఎత్తు సీటు సుఖమే, కాదనను. నన్నడిగితే అన్నిటికన్నా మేలు స్టేషన్ వ్యాగన్. కానీ 1990లలో టాటా ఎస్టేట్ అనే వ్యాగన్ వచ్చినా మనవాళ్లు పెద్దగా పట్టించుకోలేదు, ఇప్పుడు కొందామన్నా సరసమైన ధరలో దొరకదు. ఇక మిగిలింది సెడానే. మన కాలనీల్లో స్పీడ్ బ్రేకర్లకు దాని పొట్ట గీసుకుంటుందన్న మాట నిజం. నలుగురెక్కినప్పుడు నెమ్మదిగా, కాస్త ఏటవాలుగా దాటించాలి.