డ్రిప్పు ఇచ్చారు సరే, వాల్వు ఎవరు చూస్తారు?

పోయిన రోహిణి కార్తెలో మా చీనీ తోటలో ఒక వాల్వు హ్యాండిల్ విరిగింది. మూసి ఉన్నప్పుడు విరిగింది. ఆ వాల్వు కింద ఎకరన్నర తోట, నూట అరవై చెట్లు ఉన్నాయి. కాయ అప్పటికి నిమ్మకాయంత అయింది. పట్టకారుతో తిప్పుదామంటే లోపలి కాడ కూడా హ్యాండిల్‌తో పాటే తెగింది. కోసి తీసేద్దామంటే, బిగించినవాళ్లు వాల్వును టీకి ఆనించి అతికించేశారు. కోసి మళ్లీ అతికించడానికి మధ్యలో జానెడు పైపు కూడా లేదు. టీ మార్చాలి, టీ మార్చాలంటే మెయిన్ లైన్ తవ్వాలి, అది తవ్వితే తోట మొత్తానికి నీళ్లు ఆపాలి.

డ్రిప్పు బిగించిన కంపెనీ వాళ్లు ఇచ్చిన నంబరుకు రెండు రోజులు ఫోన్ చేశాను. మూడో రోజు ఒక అబ్బాయి ఎత్తి, "నేను ఆ కంపెనీ మానేసి ఏడాదైంది సార్" అన్నాడు. టౌనుకు పోయి సామాను తెచ్చి, మనిషిని పిలుచుకొచ్చి పని పూర్తి చేసేసరికి ఐదు రోజులు పట్టింది. రోళ్లు పగిలే ఎండల్లో ఐదు రోజులు నీళ్లు లేకపోతే చీనీ చెట్టు ఏం చేస్తుందో ఆ తోట పెట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. చెట్టు కింద కాయలు పరుచుకున్నాయి. కొన్ని వందల రూపాయలు చేసే ప్లాస్టిక్ ముక్క ఒకటి ఏడాది కష్టంలో పెద్ద వాటా తినేసింది.

ఈ మాట మండల సమావేశంలో చెబితే నవ్వుతారేమో అనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. "మీ తోటల్లో తిరగని వాల్వు ఒక్కటైనా ఉన్నవాళ్లు చేతులెత్తండి" అంటే ఎత్తనివాళ్లే తక్కువ. కొందరి తోటల్లో సగంలో బిగుసుకుపోయింది. కొందరివి మూసినా కారుతున్నాయి. ఒకాయన వాల్వులన్నీ పీకేసి, పైపు చివర్లకు కట్టెలు కొట్టి, ఏ మడికి కావాలంటే ఆ మడి దగ్గర కట్టె పీకి నీళ్లు వదులుతున్నాడట. అంటే రాయితీ మీద డ్రిప్పు పెట్టుకుని మళ్లీ కాలువ పారకానికే వచ్చాడన్నమాట.

ఉమ్మడి రాష్ట్రంలో 2003లో సూక్ష్మ సేద్యం ప్రాజెక్టు మొదలైంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ మాత్రమే వాన పడే మా అనంతపురం లాంటి జిల్లాకు అది నిజంగా మేలు చేసింది. ఆ మాట కాదనను. 2015లో కేంద్రం ప్రధానమంత్రి కృషి సించాయీ యోజన కింద ప్రతి నీటి బొట్టుకు ఎక్కువ పంట అంది. చిన్న, సన్నకారు రైతులకు కేంద్రం లెక్కలో 55 శాతం, మిగతా రైతులకు 45 శాతం రాయితీ పెట్టింది. మన రాష్ట్రం తన వాటా కలిపి చిన్న రైతుకు 90 శాతం దాకా ఇచ్చింది. ఈ రాయితీ కోసం, ఆగిపోయిన రాయితీ మళ్లీ రావడం కోసం మనమూ ఆఫీసుల ముందు కూర్చున్నాం.

కానీ ఎన్ని ఎకరాలకు డ్రిప్పు బిగించామన్నదే ప్రభుత్వం లెక్క పెడుతుంది. అందులో ఈరోజు ఎన్ని ఎకరాల్లో నీళ్లు సరిగా పారుతున్నాయన్న లెక్క మన ఊళ్లోకి వచ్చి ఎవరూ అడగరు. అదే పొలానికి మళ్లీ రాయితీ కావాలంటే ఏడేళ్లు ఆగాలి. వాల్వు రెండేళ్లకో మూడేళ్లకో మొండికేస్తుంది. ఆ మధ్య కాలం రైతు ఏం చేయాలి? ఆ మధ్య కాలం గురించే ఈ వ్యాసం.

ముందుగా మన తప్పు కూడా చెప్పుకోవాలి. నా తోటలో హ్యాండిల్ ఊరికే విరగలేదు. బిగుసుకుపోయిన వాల్వుకు ఇనుప పైపు తొడిగి తిప్పింది మా వాడే. అది ఎందుకు బిగుసుకుందో నాకు అప్పుడు తెలియదు. తర్వాత తాగునీటి పథకంలో వాల్వుల దగ్గర చాలా ఏళ్లు పనిచేసిన ఒకాయన తోటకు వచ్చి, విరిగిన వాల్వు విప్పి చూపించాడు.

లోపల ఉండేది గుండు. దాని మధ్యలో ఆరపార రంధ్రం. హ్యాండిల్ పైపు వెంబడి ఉంటే రంధ్రం పైపుకు ఎదురుగా ఉండి నీళ్లు పోతాయి. పైపుకు అడ్డంగా తిప్పితే గుండు మూసేస్తుంది. పావు తిప్పు, అంతే. గుండుకు రెండు పక్కలా తెల్లటి టెఫ్లాన్ సీట్లు, కాడ దగ్గర రబ్బరు రింగు ఉంటాయి. నీళ్లు కారకుండా పట్టేది ఆ సీట్లు, ఆ రింగే. నా వాల్వులో గుండు మీద గోడకు సున్నం కొట్టినట్టు తెల్లటి పెచ్చు కట్టింది. వెయ్యి అడుగుల లోతు నుంచి వచ్చే మా బోరు నీళ్లలోని ఉప్పు అది. సీట్ల మీద గోరుతో గీసినట్టు గీతలున్నాయి. అవి ఇసుక గీతలు.

"ఈ వాల్వు సగం తెరిచి వాడతావా అన్నా?" అని అడిగాడు.

"అవునన్నా, పై మడికి నీళ్లు ఎక్కువ పోతాయని సగమే తెరుస్తాం" అన్నాను.

"అక్కడే దెబ్బతింది. పూర్తిగా తెరవాలి, లేదా పూర్తిగా మూయాలి. సగంలో పెడితే నీళ్లు సన్నటి సందులో నుంచి దూసుకుపోతూ ఇసుకతో సీటును కోసేస్తాయి. ఒత్తిడి తగ్గించుకోవాలంటే ఫిల్టరు దగ్గర బైపాస్ ఉంది కదా, మీటరు చూసుకుంటూ అక్కడ తగ్గించుకో. మడి దగ్గర కాదు."

తోట పెట్టి తొమ్మిదేళ్లయింది. ఈ మాట నాకు చెప్పిన మొదటి మనిషి ఆయన.

ఆయన చెప్పిన ఇంకో మాట ఇంతకంటే ముఖ్యం. మడి మార్చేటప్పుడు మనలో చాలామంది పారుతున్న వాల్వును ముందు మూసేసి, తర్వాత నడుచుకుంటూ పోయి రెండోది తెరుస్తాం. ఆ రెండు నిమిషాలు మోటారు తోసే నీటికి దారి ఉండదు. పైగా బాల్ వాల్వు పావు తిప్పులో మూసుకుంటుంది కాబట్టి టక్కున మూసేస్తాం. పైపులో సెకనుకు ఒకటిన్నర మీటర్ల వేగంతో పోతున్న నీటిని అలా ఒక్కసారిగా ఆపితే, పలుచటి పీవీసీ పైపులో అప్పటికే ఉన్న ఒత్తిడికి ఇంకో మూడు నాలుగు కేజీలు తోడవుతుంది. మనం వేసుకున్నది 4 కేజీల పైపు. రెండు కేజీల మీద నడుస్తున్న లైనులో అంత దెబ్బ పడితే అతుకు ఊడుతుంది, లేదా పైపే చీలుతుంది. "పైపు నాసిరకం" అని కంపెనీని తిట్టిన రోజుల్లో కొన్ని రోజుల తప్పు మనదే. నాది కూడా.

అందుకే ముందు రెండో మడి వాల్వు తెరవాలి. అక్కడ నీళ్లు పడ్డాక మొదటిది మూయాలి. మూసేటప్పుడు చెయ్యి ఆపి ఆపి నెమ్మదిగా తిప్పాలి. దీనికి పైసా ఖర్చు లేదు.

ఆటో స్టార్టర్లు పెట్టుకున్నవాళ్లు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. కరెంటు పోయిందని వాల్వులన్నీ మూసి ఇంటికి వస్తాం. మనం లేనప్పుడు కరెంటు వస్తుంది, మోటారు తనంతట తనే లేస్తుంది, నీటికి దారి ఉండదు. పైపు పగులుతుంది, లేకపోతే మోటారు వేడెక్కుతుంది. ఇంటికి పోయేముందు ఒక మడి వాల్వు తెరిచే ఉంచాలి.

కారే వాల్వును "పోనీలే, నాలుగు చుక్కలే కదా" అని వదిలేస్తాం. నాలుగు చుక్కలు కాదు. నిమిషానికి ఐదు లీటర్లు కారే వాల్వు 9 గంటల కరెంటులో 2,700 లీటర్లు వదులుతుంది. చెట్టుకు గంటకు 4 లీటర్ల డ్రిప్పర్లు నాలుగు చొప్పున పెట్టుకుంటే, అది ఎకరన్నర చీనీ తోటకు గంటసేపు పారే నీరు. ఆ నీళ్లు పైకి లాగిన బోరు మనది, అప్పు మనది.

ఇక బిగించే పద్ధతి. వాల్వుకు రెండు పక్కలా విప్పుకునే యూనియన్ నట్లు ఉండాలి, అప్పుడు చెడిపోతే పైపు కోయకుండా తీసి శుభ్రం చేసుకోవచ్చు, కొత్తది పెట్టుకోవచ్చు. పైపు చివర తిన్నగా కోసి, తడి లేకుండా తుడిచి, సొల్యూషన్ పలుచగా పూయాలి. ఎక్కువైతే లోపలికి కారి గుండుకే అంటుకుంటుంది. కొత్త వాల్వు మొదటి రోజే తిరగకపోవడానికి చాలాసార్లు అదే కారణం. అతికించాక ఒక రోజు ఆరనివ్వాలి. వాల్వు బరువు పైపు మీద వేలాడకుండా కింద ఇటుకో బండో పెట్టాలి. మట్టిలో పూడ్చకూడదు. పైన గోనెసంచి కప్పినా చాలు, ఎండకు ప్లాస్టిక్ పెళుసెక్కకుండా ఉంటుంది. పంట లేని రోజుల్లో కూడా పదిహేను రోజులకోసారి ప్రతి వాల్వును ఒకసారి తెరిచి మూయాలి, లేకపోతే పెచ్చు కట్టి బిగుస్తుంది. ఎరువు వదిలాక కాసేపు ఉత్త నీళ్లు పోనిచ్చి ఆపాలి.

ఇవన్నీ చదువుకున్న ఇంజనీరు మాత్రమే చేయగల పనులు కావు. పదో తరగతి చదివిన నాకు ఒక పూటలో అర్థమయ్యాయి. అయితే డ్రిప్పు బిగించిన రోజు ఎవరో ఒకరు చెప్పాలి కదా? ఆ రోజు నా పొలంలో జరిగింది ఏమిటంటే, ఫోటో తీశారు, సంతకం పెట్టించుకున్నారు, వెళ్లిపోయారు. మీ పొలంలో వేరేగా జరిగి ఉంటే సంతోషం.

కొందరు మిత్రులు అంటున్నారు, "మద్దతు ధర, అప్పులు, పంటల బీమా లాంటి పెద్ద సమస్యలుండగా వాల్వు గురించి సంఘం పత్రికలో రాయడమేమిటి?" అని. నా జవాబు ఒక్కటే. ధర బాగున్న ఏడాది కూడా, చెట్టు మీద కాయ నిలిస్తేనే ఆ ధర నాది అవుతుంది. పైగా ఇది మన చేతిలో కొంత, ప్రభుత్వం చేతిలో కొంత ఉన్న సమస్య. మన చేతిలో ఉన్నది మనం చేసి చూపిస్తేనే, వాళ్ల చేతిలో ఉన్నది గట్టిగా అడగగలం.

నా అభిప్రాయంలో సంఘం ఈ నాలుగు డిమాండ్లు ముందు పెట్టాలి.

ఒకటి. డ్రిప్పు బిగించాక రైతు ముందు మోటారు వేసి, ప్రతి వాల్వునూ రైతు చేతనే తెరిపించి మూయించి చూపిన తర్వాతే సంతకం తీసుకోవాలి. సర్వీసు ఎన్నేళ్లు, ఎవరు చేస్తారు, ఎన్ని రోజుల్లో వస్తారు అన్నది తెలుగులో రాసిన కాగితం రైతు చేతికివ్వాలి. ఫోన్ నంబరు మనిషిది కాదు, కంపెనీది ఉండాలి.

రెండు. వాల్వులు, రబ్బరు రింగులు, హ్యాండిళ్లు, ఫిల్టరు జాలీలు రైతు సేవా కేంద్రాల్లో ధరల బోర్డు పెట్టి అమ్మాలి. ఎరువు బస్తా దొరికే చోట రింగు ఎందుకు దొరకకూడదు?

మూడు. ప్రతి పంచాయతీలో ఇద్దరు యువకులకు డ్రిప్పు మరమ్మతులో శిక్షణ ఇచ్చి, పనిముట్లు ఇవ్వాలి. ఆ పిల్లలకు ఊళ్లోనే పని దొరుకుతుంది, మనకు ఐదు రోజుల పని ఒక పూటలో అవుతుంది.

నాలుగు. ఏడేళ్ల గడువు లోపలే వాల్వులు, ఫిల్టర్లు మార్చుకోవడానికి రాయితీలో చిన్న వాటా విడిగా పెట్టాలి. కొత్త డ్రిప్పుకు పెట్టే డబ్బుతో పోలిస్తే ఇది లెక్కలోకి రాదు.

ఇక మన పని. పైపు కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు చూస్తాం, వాల్వు కొనేటప్పుడు రంగు, ధర చూసి తెచ్చుకుంటాం. ఆ అలవాటు మానాలి. రోహిణి కార్తె రాకముందే ఒక ఆదివారం ప్రతి గ్రామ కమిటీ సభ్యులు కలిసి తోటలు తిరిగి వాల్వులన్నీ చూసుకోవాలి. మా ఊళ్లో ఈ ఏడు మొదలుపెట్టాం. విప్పడం వచ్చినవాళ్లు రానివాళ్లకు చూపించారు. మూడు తోటల్లో పనికిరావనుకున్న వాల్వులు విప్పి, పెచ్చు గీకి, రింగు మారిస్తే మళ్లీ తిరిగాయి.

వచ్చే మండల సమావేశానికి ప్రతి గ్రామ కమిటీ ఒక కాగితం తేవాలని కోరుతున్నాను. ఊళ్లో ఎన్ని తోటలకు డ్రిప్పు ఉంది, ఎన్ని వాల్వులు పనిచేయడం లేదు, కంపెనీకి ఎవరు ఏ తేదీన ఫోన్ చేశారు, ఎప్పుడు వచ్చారు, అసలు వచ్చారా లేదా అన్నది రాయండి. ఆ కాగితాలన్నీ కలిపి అధికారి బల్ల మీద పెడదాం. ఎన్ని ఎకరాలకు డ్రిప్పు బిగించారో వాళ్ల దగ్గర లెక్క ఉంది. ఎన్ని ఎకరాల్లో పారుతోందో ఆ లెక్క మనం తీసుకుపోదాం.