ఆ ఖాళీ మ్యాప్ మీద ఊళ్లున్నాయి

భోపాలపట్నం బస్టాండు దగ్గర టీ కొట్టు బల్ల మీద నలుగురు కుర్రాళ్లు ఒకే ఫోను మీదికి తలలు వంచి ఆడుతున్నారు. మాటలు సగం దోర్లీ, సగం తెలుగు, మధ్యలో హిందీ తిట్లు. ఫీల్డ్‌వర్క్‌కి వచ్చి బీజాపూర్ బస్సు కోసం కూర్చున్నదాన్ని, ఊరుకోలేక అడిగాను: "ఏ అడ్డూ లేదనుకో, ఎట్లాంటి ఆట కావాలి తమ్ముడూ?"

ఈ ప్రశ్న నాది కాదు. అంతకు వారం ముందు హైదరాబాదులో మా హాస్టల్లో తెల్లవారేదాకా నడిచిన వాదన. కంప్యూటర్ శక్తికీ నెట్ వేగానికీ పరిమితి లేదనుకుంటే, లక్షలమంది ఒకేసారి ఆడే ఆదర్శ లోకం ఎలా ఉండాలి? జవాబులు జోరుగా వచ్చాయి. అంతులేని మ్యాప్. ప్రతి చెట్టూ నరకొచ్చు, ప్రతి కొండా తవ్వొచ్చు. ఎవరి కోట వాళ్లది, ఎవరి వంశం వాళ్లది.

టీ కొట్టు దగ్గరి తమ్ముడు తల ఎత్తకుండానే చెప్పాడు: "చచ్చినా మళ్లీ లేచేది ఉందిగా అక్కా, అది చాలు."

నా గొడవ హాస్టల్ జవాబుతో. సాంకేతిక పరిమితులన్నీ తీసేసి కూడా వాళ్లు కన్న కలలో రాజులు, వంశాలు, గనులు అలాగే మిగిలాయి. యంత్రానికున్న హద్దులు చెరిపేశారు గానీ బుర్రకున్న హద్దు అంగుళం కూడా జరగలేదు.

ఈ ఆటల పుట్టుక గుర్తు చేసుకుంటే ఇది మరీ సిగ్గు. 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ అనే ఇద్దరు విద్యార్థులు 'మడ్' అనే ఆట రాశారు. బొమ్మల్లేవు, అంతా అక్షరాలే. నేటి ఆన్‌లైన్ లోకాలకు మూలం అదే. అందులో మెట్టుమెట్టుగా పైకెక్కే 'లెవెల్' పద్ధతి ఎందుకు పెట్టారో బార్టిల్ తర్వాత చాలాసార్లు చెప్పాడు. ఏ ఇంట పుట్టావన్నదాన్ని బట్టి మనిషి విలువ తేల్చే బ్రిటిష్ వర్గ వ్యవస్థ మీద కోపంతో, పుట్టుక అడ్డురాని లోకం కావాలనుకున్నారట. అంటే లెవెల్ ఒక తిరుగుబాటు.

మన దగ్గర? 1920 జనవరి 31న వచ్చిన 'మూక్‌నాయక్' తొలి సంచికలోనే బాబాసాహెబ్ హిందూ సమాజాన్ని మెట్లు లేని అంతస్తుల బురుజుతో పోల్చారు. ఏ అంతస్తులో పుట్టినవాడు అక్కడే చావాలి. ప్రపంచంలో అతి పాత లెవెల్ ఆట మనదే, కాకపోతే ఎంత ఆడినా లెవెల్ మారదు. అలాంటి దేశంలో లెవెల్ అనగానే మనవాళ్లకు 'మెరిట్' గుర్తొస్తుంది. నేను మైకు ఆన్ చేసి ఆడిన రోజుల్లో నా యాస విని "ఏ ఊరు, ఊళ్లో ఎక్కడ?" అని అడిగేవాళ్లు. గురి తప్పితే "కోటాలో వచ్చావా?" అని నవ్వేవాళ్లు. మాది గోదావరికి ఇవతల, వాజేడు వైపు దళితవాడ. మూడోసారికి మైకు తీసేశాను. అది నెట్‌వర్క్ సమస్య కాదు.

ఇక అంతులేని మ్యాప్. 1997లో 'అల్టిమా ఆన్‌లైన్' మొదలైనప్పుడు అందులో భూమి బోలెడనుకున్నారు. ఆటగాళ్లు ఎగబడి ఇళ్లు కట్టేసరికి స్థలం నిండుకుంది, లేని ఇళ్లు నిజమైన డాలర్లకు అమ్ముడుపోయాయి. 2000లో అదే లోకానికి ఇంకో నకలు తీసి తెరిచారు. అక్కడా జాగాల కోసం పరుగే. భూమి ఎంతుందన్నది కాదు, అది ఎవరిదన్నదే అసలు ప్రశ్న. వాళ్లు కనీసం నకలు తీయగలిగారు. మా ఇంద్రావతికి నకలెవరు తీస్తారు?

పైగా ఆ మ్యాప్ ఎప్పుడూ ఖాళీ కాదు. 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్'లో స్ట్రాంగిల్‌థార్న్ అనే అడవి ఉంది. అందులో ట్రోల్ తెగలుంటాయి, వాటిని చంపితే పాయింట్లు. అడవిలో ఉండేవాడు చంపదగ్గవాడన్నది ముందే రాసిపెట్టిన నియమం. ఎవరూ ఆడించని పాత్రను ఆటగాళ్లు ఎన్‌పీసీ అంటారు. దారి అడిగితే చూపిస్తుంది, రెండు ముక్కలు పలుకుతుంది, దాని ఇష్టం ఏమిటని ఎవరూ అడగరు. బస్తర్ వార్తల్లో ఆదివాసీ అదే కదా: గైడు, ఇన్‌ఫార్మరు, లొంగిపోయినవాడు, మృతుల సంఖ్య. ఊరి కథలో డప్పు కొట్టిన మావాళ్లూ అంతే.

దేశమంతా ఊగిపోయిన పబ్జీలో నియమం తెలుసుగా. మ్యాప్ మీద వలయం గీస్తారు, అది చిన్నదవుతూ వస్తుంది, బయట మిగిలినవాడు చస్తాడు. 2005 జూన్‌లో కుట్రూ వైపు మొదలైన సల్వాజుడుం బీజాపూర్‌ను సరిగ్గా ఇలాగే ఆడింది. రోడ్డు పక్క శిబిరంలోకి వచ్చినవాడు మనవాడు, ఊళ్లో ఉండిపోయినవాడు శత్రువు. వందల ఊళ్లు ఖాళీ అయ్యాయి. వేలమంది సరిహద్దు దాటి అప్పటి ఖమ్మం, వరంగల్ అడవులకొచ్చారు. మనవాళ్లు 'గుత్తికోయలు' అని పేరు పెట్టి, గుడిసెలు కూల్చారు. 2011 జూలైలో జస్టిస్ సుదర్శన్‌రెడ్డి, జస్టిస్ నిజ్జర్ ఆ ఆట రాజ్యాంగ విరుద్ధమన్నారు. 2025 ఆగస్టులో ఆ తీర్పునే తప్పుగా చూపి సుదర్శన్‌రెడ్డి మీద కేంద్ర హోంమంత్రి విమర్శ చేశారు. ఆ వారంలోనే పార్లమెంటు ఆన్‌లైన్ ఆటల చట్టం చేసింది. డబ్బు పందేలు నిషేధం, ఈ-స్పోర్ట్స్‌కు ప్రోత్సాహం. మంచిదే. 2026 మార్చి 31 అని గడువు పెట్టి మనుషుల మీద నడిపిన ఆట మాత్రం ఏ చట్టం కిందికీ రాలేదు.

ఎర్రజెండా వాళ్లు నొచ్చుకున్నా సరే, ఈ మాట అనాలి. వాళ్లు గీసిన మ్యాప్‌లోనూ నాయకత్వంలో నదికి ఇవతలి తెలుగువాళ్లెక్కువ, తూటాకు ఎదురుగా కోయ పిల్లలెక్కువ. 2025 జనవరి 6న బీజాపూర్ జిల్లాలో మందుపాతర పేలి ఎనిమిదిమంది డీఆర్‌జీ జవాన్లు, ఒక డ్రైవరు చనిపోయారు. డీఆర్‌జీ అంటే చాలావరకు స్థానిక ఆదివాసీ యువకులే. ఏ జట్టు గెలిచినా శవాలు అవే ఊళ్లకు వెళ్తాయి.

మరి నీ ఆట చెప్పు అంటారు. చెప్తాను. నా లోకంలో చెట్టు నరకాలంటే ముందు ఊరు కూర్చోవాలి. కొండ తవ్వాలంటే గ్రామసభ ఒప్పుకోవాలి, కాదంటే కాదు. ఇందులో నా ఊహ ఏమీ లేదు. 1996 పెసా, 2006 అటవీ హక్కుల చట్టం ఈ నియమాలకు బీజం వేసి ఇన్నేళ్లయింది. రాజ్యాంగ సభలో 1949 నవంబరు 25న అంబేద్కర్ హెచ్చరించింది దీని గురించే: ఓటులో సమానత్వం, బతుకులో అసమానత. కోడ్ రాశారు, సర్వరు నడపలేదు.

నా లోకంలో గోండీ మాట్లాడొచ్చు. 2011 జనగణన లెక్కలో దాదాపు 30 లక్షలమంది భాష అది, ఎనిమిదో షెడ్యూల్లో లేదు. సాంకేతికత చాలక కాదు. 2010లో మొదలైన సీజీనెట్ స్వర మామూలు బటన్ ఫోనుతో, ఒక మిస్డ్ కాల్‌తో గోండీలో కబురు చెప్పడం, వినడం చేసి చూపించింది. ఈ మధ్యకాలంలో నేను చూసిన నిజమైన మల్టీప్లేయర్ అదే.

ఇంకొకటి. 2020లో 'రిపోర్టర్స్ వితౌట్ బోర్డర్స్' మైన్‌క్రాఫ్ట్ ఆటలో ఒక గ్రంథాలయం కట్టింది. నిషేధించిన వార్తలు అందులో చదువుకోవచ్చు. నా లోకంలో అలాంటి గది బీజాపూర్‌కీ ఉంటుంది. 'బస్తర్ జంక్షన్' చానెల్ నడిపిన ముఖేష్ చంద్రాకర్ నేలసనార్-మిర్తూర్-గంగలూర్ రోడ్డు పనిలో అక్రమాల గురించి వార్త బయటపెట్టాడు. 2025 జనవరి 3న అతని శవం సెప్టిక్ ట్యాంకులో దొరికింది. ఆ రోడ్డు వార్త అందులో ఉంటుంది. 2012 జూన్‌లో సర్కేగూడలో చనిపోయిన 17 మంది పేర్లుంటాయి. వాళ్లు మావోయిస్టులని చెప్పే ఆధారం లేదని జస్టిస్ అగర్వాల్ కమిషన్ తేల్చిన నివేదిక 2019లో అసెంబ్లీ ముందుకొచ్చింది. ఏడేళ్లు. నా లోకంలో మళ్లీ లేవడం ఉండదు. చచ్చినా లేస్తామన్న భరోసా ఉంటే చంపడం ఎంత తేలికో ఆడినవాళ్లకు తెలుసు.

ఇదంతా టీ కొట్టు దగ్గర చెప్పలేదు. ఊరు కూర్చునే నియమం ఒక్కటే చెప్పాను. ఆ తమ్ముడు ఈసారి ఫోను పక్కోడికిచ్చి, నా వైపు తిరిగాడు.

"నీ ఆటల బాసగూడ ఉంటదా?"

ఉంటదన్నాను.

"అయితే సంత పెట్టు. జుడుంకు ముందు పెద్ద సంతంట. తాలిపేరు అవతలి నుంచి గూడ వచ్చేటోళ్లంట, మా అమ్మ చెప్తది."

ఏమేం అమ్మేవాళ్లని అడిగాను. చింతపండు, ఇప్పపువ్వు, ఎండుచేపలు, కోళ్లు అని వేళ్ల మీద లెక్కపెడుతుండగానే బీజాపూర్ బస్సు హారన్ కొట్టింది.