సాఫ్ట్‌వేర్‌లో చూసుకుందాంలే!

ఎంబెడెడ్ లైన్లో ఉన్నవాళ్ళందరికీ బాగా తెలిసిన మాట ఇది. బోర్డు డిజైన్ రివ్యూలో ఎవరో ఒక కుర్రాడు "ఫ్లాష్ చిప్పుకి రీసెట్ లైన్ వెయ్యలేదేంటండీ?" అంటాడు. హార్డ్‌వేర్ పెద్దాయన కాఫీ కప్పు కింద పెట్టకుండానే "అది సాఫ్ట్‌వేర్‌లో చూసుకుందాంలే" అంటాడు. మీటింగ్ మినిట్స్‌లో ఆ పాయింటు క్లోజ్. నా మట్టుకు నాకు ఈ మాట వింటే ఒళ్ళు మండుతుంది. ఎందుకంటే ఇది సాఫ్ట్‌వేర్‌లో చూసుకోగలిగింది కాదు. చూసుకున్నాం అని చెప్పే డ్రైవర్ అబద్ధమాడుతోందన్నమాట.

జావా, డాట్‌నెట్ మిత్రుల కోసం కాస్త నేపథ్యం. ఇంట్లో వైఫై రౌటర్ లాంటి డబ్బాల్లో చాలావాటికి బూట్ కోడ్ ఎస్‌పీఐ నార్ ఫ్లాష్ అనే చిన్న చిప్పులో ఉంటుంది. ప్రాసెసర్ 03 అనే కమాండ్, దాని వెనకాలే మూడు బైట్ల అడ్రసు పంపితే చిప్పు డేటా ఇవ్వడం మొదలెడుతుంది. మూడు బైట్లంటే 24 బిట్లు, అంటే 16 ఎంబీ. ఈ పద్ధతి పెట్టిన రోజుల్లో 16 ఎంబీ అంటే సముద్రమంత. ఇప్పుడు కెర్నెల్, రూట్ ఫైల్ సిస్టమ్, అప్‌గ్రేడ్ కోసం ఇంకో కాపీ పెట్టేసరికి చాలట్లేదు. 32, 64 ఎంబీ చిప్పులు వేస్తున్నారు. 16 ఎంబీ దాటి చదవాలంటే అడ్రసుకి నాలుగో బైటు కావాలి.

దానికి ముఖ్యంగా రెండు దారులు. ఒకటి, చిప్పుకి హెక్స్‌లో బీ7 అనే కమాండ్ పంపి మోడ్ మార్చెయ్యడం. అప్పట్నుంచి పాత 03 కమాండ్‌కి కూడా అది నాలుగు బైట్ల అడ్రసు కోసం ఎదురు చూస్తుంది. రెండోది, నాలుగు బైట్ల కోసమే విడిగా ఉన్న కమాండ్లు వాడటం: చదవడానికి 13, రాయడానికి 12, చెరపడానికి డీసీ. వీటితో చిప్పు స్థితి ఏమీ మారదు, 03 అంటే ఎప్పటికీ మూడు బైట్లే. (అడ్రసు పైభాగాన్ని ఒక రిజిస్టర్లో పెట్టి 16 ఎంబీ ముక్కల మధ్య తిరిగే పద్ధతి కూడా ఉంది. దానికీ మొదటిదాని జబ్బే, వదిలెయ్యండి.)

జబ్బు ఏంటంటారా? కెర్నెల్ బీ7 పంపి మోడ్ మార్చింది. నెల రోజులు బాగానే నడిచింది. ఒక రాత్రి ఏదో డ్రైవర్ ఇరుక్కుపోయింది, వాచ్‌డాగ్ కరిచింది, ప్రాసెసర్ రీసెట్ అయింది. ఫ్లాష్‌కి మాత్రం ఆ సంగతి తెలీదు. దానికి రీసెట్ లైన్ లేదు, కరెంటు పోలేదు, ఇంకా నాలుగు బైట్ల మోడ్‌లోనే కూర్చుంది. ప్రాసెసర్లోని బూట్ రామ్ మాత్రం సిలికాన్‌లో చెక్కిన కోడ్, దాన్ని మీరూ నేనూ మార్చలేం. అది తనకి తెలిసిన 03, మూడు బైట్లు పంపి డేటా కోసం క్లాక్ కొడుతుంది. చిప్పు ఆ మొదటి ఎనిమిది క్లాకుల్నీ నాలుగో అడ్రసు బైటుగా మింగేస్తుంది. రామ్ 64 కేబీ దగ్గర చదవమంటే 01 00 00 పంపుతుంది. దాని వెనక ఇంకో సున్నా బైటు చేరితే అది 16 ఎంబీ అడ్రసు! పోనీ సున్నా అడ్రసు అడిగినా డేటా ఒక బైటు ఆలస్యంగా వస్తుంది. హెడర్ కలవదు. బోర్డు బిగుసుకుపోతుంది. బోర్డు ఇరుక్కుపోతే లేపడానికి పెట్టిన వాచ్‌డాగే దాన్ని శాశ్వతంగా పడుకోబెట్టింది. కంచే చేను మేయడం అంటే ఇదే.

అసలు తమాషా ఇక్కడుంది. టెస్టింగ్ వాళ్ళు రీబూట్ కమాండ్ కొడతారు. కెర్నెల్ పద్ధతిగా షట్‌డౌన్ అవుతూ చిప్పుని మూడు బైట్ల మోడ్‌కి తెచ్చేస్తుంది. పాస్. ప్లగ్ పీకి పెడతారు. కరెంటు పోయింది కాబట్టి చిప్పు మోడ్ మర్చిపోతుంది. అదీ పాస్. ఫెయిలయ్యేది మూడో రకం ఒక్కటే. కెర్నెల్‌కి మాట చెప్పే టైము కూడా ఇవ్వకుండా, కరెంటు పోకుండా వచ్చే రీసెట్. అది ల్యాబ్‌లో రాదు, ఎక్కడో టవర్ మీద ఉన్న డబ్బాలో వస్తుంది. టెక్నీషియన్ నిచ్చెనెక్కి, స్విచ్ ఆపి వేస్తాడు. చక్కగా లేస్తుంది. రిపోర్టులో "లోపమేమీ లేదు" అని రాస్తాడు. "ఇన్నేళ్ళలో ఒక్క కంప్లైంట్ రాలేదు" అని మేనేజర్లు ఢంకా బజాయించేది ఈ రిపోర్టులు చూసే!

లినక్స్ వాళ్ళు దీన్ని దాచలేదు. 2018లో డివైస్ ట్రీలో "బ్రోకెన్ ఫ్లాష్ రీసెట్" అనే ప్రాపర్టీ పెట్టారు. పేరులోనే ఉంది చూడండి, బ్రోకెన్ అని. అది పెడితేనే షట్‌డౌన్‌లో మోడ్ వెనక్కి తిప్పే హ్యాక్ పనిచేస్తుంది. దాంతోపాటు, అనుకోని రీబూట్ వస్తే ఇది కోలుకోకపోవచ్చు అని కెర్నెల్ లాగ్‌లో పెద్ద వార్నింగ్ కూడా పడుతుంది. ఓపెన్‌ డబ్ల్యూఆర్‌టీ సోర్సులో మీడియాటెక్ రౌటర్ల డివైస్ ట్రీ ఫైళ్ళు తిరగెయ్యండి, ఆ మాట ఎన్నిచోట్ల తగులుతుందో. ఇంత నిజాయితీగా చెప్తే మనవాళ్ళు కొందరు చేసేదేంటి? "క్లయింట్ లాగ్‌లో చూస్తే అడుగుతాడు" అని ఆ వార్నింగ్ లైను పీకేసి ప్యాచ్ ఇస్తారు! జ్వరం తగ్గలేదని థర్మామీటర్ విరగ్గొట్టినట్టు.

"మరి రెండో దారి ఉందిగా, 13, 12 కమాండ్లు వాడితే పోలా?" అంటారు. వాడాల్సిందే, చిప్పు ఒప్పుకుంటే. మాక్రోనిక్స్ వాళ్ళ 25635 చిప్పులో ఈ, ఎఫ్ అని రెండు రకాలున్నాయి. ఎఫ్ కి ఈ కమాండ్లు వచ్చు, ఈ కి రావు. రెండిటికీ ఐడీ మాత్రం ఒక్కటే పెట్టారు మహానుభావులు! కెర్నెల్ పాపం చిప్పులోని పారామీటర్ టేబుల్ చదివి, ఇంకేదో రీడ్ మోడ్ ఉందా లేదా అని చూసి ఇది ఎఫ్ అయ్యుంటుంది అని ఊహించుకోవాలి. పర్చేజ్ వాళ్ళు రెండు రూపాయలు తక్కువని వేరే చిప్పు తెస్తే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు.

హార్డ్‌వేర్ వాళ్ళ కష్టం నాకు తెలీక కాదు. ఎనిమిది కాళ్ళ ప్యాకేజీలో రీసెట్‌కి విడిగా కాలుండదు. ఉన్న కాలు చాలా చిప్పుల్లో క్వాడ్ మోడ్‌లో డేటాకి పోతుంది. పదహారు కాళ్ళ ప్యాకేజీ వేస్తే చోటూ ఎక్కువ, ఖర్చూ ఎక్కువ. కానీ వాచ్‌డాగ్ కరిచినప్పుడు ఫ్లాష్‌కి కరెంటు ఒక్క క్షణం ఆపే ఏర్పాటు చేసినా చాలు కదా.

మన హైదరాబాద్, బెంగుళూరు టీముల సంగతి ఇంకో రకం. బోర్డు క్లయింటుది, మనది డ్రైవర్ మాత్రమే, నోరెత్తితే ప్రాజెక్టు పోతుందేమో అని భయం. నేనూ ఉద్యోగస్తుణ్ణే, ఇస్తిరీ చేసిన నీతులు చెప్పను. కానీ "ఈ బోర్డులో వాచ్‌డాగ్ రీసెట్ నమ్మదగ్గది కాదు" అని ఒక్క మెయిల్ రాయడానికి ధైర్యం కూడా అక్కర్లేదు, రెండు నిమిషాలు చాలు. బోర్డులు ఇప్పటికే బయటికెళ్ళిపోతే ప్రాపర్టీ పెట్టండి, వార్నింగ్ ముట్టుకోకండి, రిలీజ్ నోట్స్‌లో రాయండి.

టెస్ట్ ప్లాన్‌లో ఒక లైను కూడా చేర్చండి. పానిక్ టైమౌట్ 5 సెకన్లు పెట్టి, సిస్‌ఆర్‌క్యూ ట్రిగ్గర్ ఫైల్లోకి "సి" అక్షరం రాయండి. కెర్నెల్ అక్కడికక్కడే కూలుతుంది. అయిదు సెకన్ల తర్వాత బోర్డు లేచిందా, సరే. లేవకపోతే ప్లగ్ పీకకండి. ముందు హార్డ్‌వేర్ పెద్దాయన్ని ల్యాబ్‌కి పిలిచి చూపించండి.